ఆరు నవలలు, ఒక పదిహేనేళ్ళ పిల్ల: ముందు ఏది ఇవ్వాలి?

పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే మా మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, కాలేజీ తెరిచేలోపు ఒక్క మంచి నవలైనా చదవాలి. ఫ్రెండ్స్ తలా ఒక పేరు చెప్తున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నిటికీ నాలుగున్నర స్టార్లే. ఏది కొనుక్కోను?"

తను పంపిన లిస్టులో ఆరు పేర్లున్నాయి. ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’, ‘ది అవుట్‌సైడర్స్’, ‘ది గివర్’, ‘ది హంగర్ గేమ్స్’, ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’, ‘ది బుక్ థీఫ్’. ఆరూ ఇంగ్లీష్ నవలలే. ఆరూ నేను చదివినవే, రెండు మూడయితే ఒకసారితో ఆగలేదు. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే ఈ విషయంలో ఒకసారి దెబ్బ తిని ఉన్నాను. రెండేళ్ళ కిందట ఇదే పిల్లకి పుట్టినరోజు కానుకగా ‘ది బుక్ థీఫ్’ ఇచ్చాను. నెల తర్వాత వాళ్ళింటికి వెళ్తే పుస్తకం ఫిజిక్స్ గైడ్ కింద కనబడింది. అరవయ్యో పేజీ దగ్గర గుర్తుగా సిటీ బస్సు టికెట్ పెట్టి ఉంది. తప్పు పిల్లది కాదు, పుస్తకానిదీ కాదు. పదమూడేళ్ళ పిల్లకి ఏది పడుతుందో చూసుకోకుండా, నాకు నచ్చింది కదా అని ఇచ్చేశాను.

మా తరానికి ఈ గొడవే లేదు. చందమామ మానేసిన రోజే అమ్మ చదివే వారపత్రికలో సీరియల్ మొదలుపెట్టేవాళ్ళం. పన్నెండుకీ పద్దెనిమిదికీ మధ్య వయసు కోసమే రాసిన నవలలంటూ విడిగా ఒక అర ఉంటుందని తెలీదు. ఇప్పుడు ఆ అర ఉంది, నిండుగా ఉంది. అందుకే చిక్కు.

ఏం చూసి ఎంచుకోవాలి

ఇరవై ఏళ్ళ కిందట చదివిన నవల గురించి ఎవరినైనా అడిగి చూడండి. కథ మొత్తం చెప్పలేరు, పాత్రల పేర్లు కూడా తడుముకుంటారు. కానీ ఒక్క దృశ్యం మాత్రం నిన్న చూసినట్టు చెప్తారు. నా లెక్కలో మనసులో నిలిచిపోవడమంటే అదే. కాబట్టి "ఏది గొప్ప నవల" అని కాకుండా "ఇందులో ఏ దృశ్యం మిగులుతుంది, అది ఈ పిల్లకి ఇప్పుడు పనికొస్తుందా" అని అడుగుతాను. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి.

మొదటిది ఇంగ్లీష్. కథ ఎంత బాగున్నా, పేజీకి పదిసార్లు డిక్షనరీ చూడాల్సి వస్తే మూడో రోజుకి పుస్తకం మూతపడుతుంది. తెలుగు మీడియంలో చదివి ఇప్పుడిప్పుడే ఇంగ్లీష్ నవల పట్టుకునేవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యం ఇదే.

రెండోది, కథ ఎన్నో పేజీలో పట్టుకుంటుంది? పదో పేజీలోనా, ఎనభయ్యో పేజీలోనా? రీల్స్‌కి అలవాటు పడ్డ కళ్ళకి ఈ తేడా చిన్నది కాదు.

మూడోది ఏడుపు. ఈ ఆరింటిలోనూ చావు ఉంది, నవ్విస్తూ సాగేది ఒక్కటీ లేదు. అయితే ఏడుపులన్నీ ఒకటి కావు. స్నేహితుడు పోవడం వేరు, అమ్మ మంచాన పడటం వేరు, ఊరు ఊరంతా బాంబుల కింద ఉండటం వేరు. ఇంట్లో నిజంగా ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు ఇది చూసుకోకుండా పుస్తకం చేతిలో పెట్టకూడదు.

| నవల | వచ్చిన ఏడు | పేజీలు (సుమారుగా) | ఇంగ్లీష్ | ఎన్నేళ్ళ నుంచి | ఎప్పుడు పట్టుకుంటుంది |
|---|---|---|---|---|---|
| ది అవుట్‌సైడర్స్ | 1967 | 190 | తేలిక, కాస్త పాత యాస | 13 | మొదటి అధ్యాయంలోనే |
| ది గివర్ | 1993 | 200 | చాలా తేలిక | 12 | మెల్లగా, తర్వాత గట్టిగా |
| ది బుక్ థీఫ్ | 2005 | 550 | కష్టం | 15 | వంద పేజీలు ఓపిక పట్టాలి |
| ది హంగర్ గేమ్స్ | 2008 | 370 | తేలిక | 13 | ఇరవై పేజీల్లో |
| ఎ మాన్‌స్టర్ కాల్స్ | 2011 | 200, బొమ్మలతో | చాలా తేలిక | 12, కానీ కింద చదవండి | మొదటి పేజీలో |
| ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్ | 2012 | 310 | మధ్యస్థం, మాటకారితనం ఎక్కువ | 15 | మొదటి అధ్యాయంలో |

పేజీల లెక్క ముద్రణను బట్టి మారుతుంది. వయసు మాత్రం నా అంచనా. ముగింపులు ఎక్కడా చెప్పను, భయం లేకుండా చదవండి.

ది హంగర్ గేమ్స్: అసలు చదవని పిల్లలకి

దీని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, సినిమాలు అందరూ చూశారు. సుజాన్ కాలిన్స్ రాసింది. పన్నెండు జిల్లాల నుంచి ఇద్దరిద్దరు చొప్పున ఇరవై నలుగురు పిల్లల్ని లాటరీ తీసి, ఒకళ్ళనొకళ్ళు చంపుకునే ఆటలోకి దింపి టీవీలో చూపిస్తారు. ప్రతి అధ్యాయమూ మన సీరియల్స్‌లా సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆగుతుంది. ఫోన్ పక్కన పెట్టించే శక్తి ఆరింటిలో దీనికే ఎక్కువ.

సినిమా హడావిడిలో మరుగున పడే వివరం ఒకటుంది. ఇంట్లో తిండి లేకపోతే, లాటరీలో తన పేరు ఇంకోసారి వేయించుకుంటే చాలు, ఒక మనిషికి ఏడాదికి సరిపడా గింజలూ నూనే ఇస్తారు. అలా వేయించుకుంటూ పోయి కథానాయిక కాట్నిస్ పేరు ఇరవైసార్లు, ఆమె స్నేహితుడు గేల్ పేరు నలభై రెండుసార్లు ఆ చీటీల్లో చేరాయి. రేషన్ షాపు దగ్గర క్యూ చూసిన పిల్లలకి ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆకలికి చావు చీటీ కొనుక్కోవడం అన్నమాట. బాణాలు, మంటల గౌను మర్చిపోయినా నాకు ఈ లెక్క మిగిలింది.

చిక్కల్లా ఇది ఒక్క పుస్తకంతో ఆగదు. మొదటి భాగం తనంతట తాను నిలబడుతుంది కానీ, పిల్లలు ఆగరు. 2009లో రెండోది, 2010లో మూడోది వచ్చాయి, ముందు కాలపు కథలు మరో రెండు తర్వాత చేరాయి. సెలవులు పది రోజులే ఉంటే ఆలోచించుకోండి.

ది అవుట్‌సైడర్స్: మగపిల్లలున్న ఇంటికి

ఎస్.ఇ. హింటన్ దీన్ని పదిహేనేళ్ళకి మొదలుపెట్టింది, అచ్చయ్యేసరికి పద్దెనిమిది. ఆడపిల్ల పేరు చూస్తే విమర్శకులు చిన్నచూపు చూస్తారేమోనని ప్రచురణకర్తలు పొడి అక్షరాలతో వేశారు. పదిహేనేళ్ళ వయసు గురించి పెద్దవాళ్ళు గుర్తు తెచ్చుకుని రాసిన పుస్తకాలు బోలెడు. ఆ వయసులోనే ఉండి రాసింది ఇది. చదువుతుంటే ఆ తేడా తెలుస్తుంది. కొన్నిచోట్ల అతి ఉంటుంది, సూర్యాస్తమయాల గురించి కాస్త ఎక్కువే మాట్లాడతారు. ఆ అతి కూడా ఆ వయసుదే.

కథ అమెరికాలో, రెండు ముఠాల మధ్య. ఒకరు పేటవాళ్ళు, ఇంకొకరు కార్లున్నవాళ్ళు. డబ్బున్న ముఠా పేరుని పిల్లలు ‘సాక్’ అని చదివేస్తారు, అది ‘సోష్’. ఆ ఒక్క మాటా ముందే చెప్పి ఇవ్వండి. కథ చెప్పే పోనీబాయ్‌కి పద్నాలుగేళ్ళు. అమ్మా నాన్నా కారు ప్రమాదంలో పోయారు. ఇరవయ్యేళ్ళ పెద్దన్న డ్యారీ కాలేజీ ఆశ వదులుకుని, ఇళ్ళ పైకప్పులు వేసే పనికి వెళ్ళి ఇద్దరు తమ్ముళ్ళని సాకుతుంటాడు. తమ్ముడికేమో అన్నకి తనంటే పడదని అనుమానం.

తమ్ముళ్ళ కోసం చదువు మానేసిన అన్న ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. ముఠాల గొడవ మనకి దూరం కావచ్చు, డ్యారీ దూరం కాడు. కత్తిపోట్ల కథ అనుకుని మొదలుపెట్టినవాళ్ళు చివరికి అన్నదమ్ముల కథగా గుర్తుపెట్టుకుంటారు. నా ప్రతి ఆబిడ్స్ ఆదివారం పేవ్‌మెంట్ మీద కొన్న పాతది. అంతకుముందు ఎవరిదో తెలీదు కానీ, డ్యారీ మాట్లాడే చోటల్లా పెన్సిల్ గీతలున్నాయి. ముఠా కొట్లాటల దగ్గర ఒక్క గీత లేదు.

సిగరెట్లు, కత్తులు, తాగుడు ఉన్నాయి. రాసిన తీరు మాత్రం పిల్లల్ని ఆ దారిన పొమ్మనేలా లేదు.

ది గివర్: ప్రశ్నలు వేసే పిల్లలకి

ఆరింటిలో వాక్యాలు అన్నిటికంటే సాఫీగా ఉన్నది ఇదీ, ‘మాన్‌స్టర్’. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి మొదటి ఇంగ్లీష్ నవలగా దీన్నే ఇస్తాను. లోయిస్ లౌరీ రాసిన ఈ నవలకి 1994లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది.

ఒక ఊరు. గొడవల్లేవు, ఆకలి లేదు, ట్రాఫిక్ లేదు. ఎవరికి ఏ ఉద్యోగమో పన్నెండో ఏట పెద్దలే నిర్ణయిస్తారు. ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకోవాలో కూడా వాళ్ళే చెప్తారు. ఇంటర్‌లో ఎంపీసీనా బైపీసీనా అన్నది ఇంట్లో పెద్దలే తేల్చేసిన పిల్లలు ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. మా మేనకోడలి మాట: "బానే ఉంది కదత్తా, టెన్షన్ లేదు." ఆ మాట అనిపించడమే రచయిత్రి పన్నిన వల.

దృశ్యం చెప్తాను, ఇది ముగింపేం కాదు. జోనాస్ అనే పిల్లాడు స్నేహితుడితో యాపిల్ విసురుకుంటూ ఆడుతుంటాడు. గాల్లో ఉన్న యాపిల్‌లో ఉన్నట్టుండి ఏదో మార్పు. ఒక్క క్షణం. ఏం మారిందో వాడికి తెలీదు, మనకీ తెలీదు. చాలా పేజీల తర్వాత అర్థమవుతుంది: ఆ ఊళ్ళో ఎవరికీ రంగులు కనబడవు, వాడికి కనబడింది ఎరుపు. అప్పటిదాకా మనం చదివిన ఆ ఊరికి మనమే రంగులు వేసుకున్నామన్నమాట. వెనక్కి తిరగేసి చూస్తే, వాళ్ళ ప్రపంచంలో రంగు అన్న మాటకి చోటే లేదు.

2014లో వచ్చిన సినిమా ఇక్కడే దెబ్బతింది. బ్లాక్ అండ్ వైట్‌లో మొదలవుతుంది కాబట్టి గుట్టు ముందే తెలిసిపోతుంది. పన్నెండేళ్ళ జోనాస్‌ని పెద్ద కుర్రాడిగా కూడా మార్చేశారు. సినిమా చూసేశాను కదా అనే పిల్లలకి ఈ సంగతి చెప్పండి.

చివరి పేజీలో ఏం జరిగిందో ఇద్దరు చదివితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్తారు. ఖచ్చితమైన జవాబు లేకపోతే చిరాకుపడే పిల్లలకి ఇది నచ్చకపోవచ్చు. తర్వాతి భాగాలున్నాయి గానీ, వెంటనే ఇవ్వకండి. ఆ చిరాకుతో కొన్నాళ్ళు ఉండనివ్వండి.

ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్: ప్రేమకథ కావాలంటే

పదహారేళ్ళ హేజెల్‌కి థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. ఎక్కడికెళ్ళినా ఆక్సిజన్ సిలిండర్ లాక్కుంటూ వెళ్ళాలి. ఆగస్టస్‌కి ఎముకల క్యాన్సర్‌తో ఒక కాలు పోయింది. క్యాన్సర్ ఉన్నవాళ్ళ సమావేశంలో ఇద్దరూ కలుస్తారు. హిందీలో ‘దిల్ బేచారా’ సినిమాగా 2020లో వచ్చింది ఈ కథే.

ఇది రాసిన జాన్ గ్రీన్ మీద నాకో ఫిర్యాదు ఉంది. ఈయన కథల్లో పిల్లలు పిల్లల్లా మాట్లాడరు, ఫిలాసఫీ లెక్చరర్లలా మాట్లాడతారు. పదిహేనేళ్ళప్పుడు అదే మహా గొప్పగా ఉంటుంది, నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ముప్ఫై దాటాక చదివితే అక్కడక్కడా నవ్వొస్తుంది. కాబట్టి ఇవ్వదలుచుకుంటే ఆలస్యం చేయకండి.

అయితే ఇందులో ఒక్క సంగతికి నేను కూడా లొంగిపోయాను. హేజెల్‌కి ప్రాణమైన ఒక నవల ఉంటుంది, అది వాక్యం మధ్యలో ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ కథలో అమ్మ ఏమైంది, ఇంట్లో పెంచుకున్న చిట్టెలుక ఏమైంది అని అడగడానికి ఆ రచయితని వెతుక్కుంటూ ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్తుంది. తను పోయాక తన అమ్మ ఏమవుతుందోనన్న భయాన్ని ఆ పిల్ల అలా అడుగుతోందని మనకి నిదానంగా తెలుస్తుంది. ప్రేమకథ కోసం చదివినవాళ్ళు అమ్మకి ఫోన్ చేసేది ఇక్కడే.

పెద్దవాళ్ళకో మాట: వాళ్ళిద్దరూ దగ్గరయ్యే సన్నివేశం ఒకటుంది, వర్ణన లేకుండా క్లుప్తంగా దాటేస్తాడు. పన్నెండేళ్ళవాళ్ళకి వద్దు. పదిహేను దాటితే దాచడంలో అర్థం లేదు.

ఎ మాన్‌స్టర్ కాల్స్: ఇవ్వాలా వద్దా?

ఎక్కువ ఆలోచించింది దీని గురించే. ఇది పుట్టిన కథే వేరు. షివాన్ డౌడ్ అనే రచయిత్రికి వచ్చిన ఊహ ఇది. పూర్తిగా రాయకముందే, 2007లో, ఆమె క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ ఊహని అందుకుని ప్యాట్రిక్ నెస్ రాశాడు, జిమ్ కే నలుపు తెలుపు బొమ్మలు వేశాడు. రచనకి కార్నెగీ, బొమ్మలకి కేట్ గ్రీనవే, బ్రిటన్‌లో ఈ రెండు పతకాలూ 2012లో దీనికే వచ్చాయి. ఒకే పుస్తకానికి రెండూ రావడం అదే మొదటిసారి.

పదమూడేళ్ళ కానర్ వాళ్ళమ్మకి జబ్బు. రాత్రి 12:07కి పెరట్లోంచి కనబడే పెద్ద చెట్టు రాక్షసుడై కిటికీ దగ్గరికి వస్తుంది. భయపెట్టడానికి కాదు. మూడు కథలు చెప్తాను, నాలుగోది నువ్వు చెప్పాలి, అది నిజమై ఉండాలి అంటుంది. మనకి ఈ పద్ధతి కొత్తేం కాదు. బేతాళుడు విక్రమార్కుడి భుజం మీద కూర్చుని కథ చెప్పి చిక్కుప్రశ్న వేసినట్టే ఉంటుంది. ఆ మూడు కథల్లో మంచివాడెవరో చెడ్డవాడెవరో మనం అనుకున్నట్టు ఉండదు. ఇక నాలుగో కథ, కానర్ ఎవరికీ చెప్పుకోలేని ఆ ఒక్క మాట, మంచాన పడ్డ మనిషికి నెలల తరబడి సేవ చేసిన ఎవరికైనా తెలిసిన మాటే. పైకి అనడానికి సిగ్గుపడే మాట.

ఇంగ్లీష్ తేలిక, రెండు రాత్రుల్లో అయిపోతుంది, బొమ్మలున్నాయి. లెక్క ప్రకారం అందరికీ ఇదే ముందు ఇవ్వాలి. కానీ ఇంట్లో అమ్మకో నాన్నకో జబ్బుగా ఉన్న పిల్లలకి? చదివితే తేలికపడతారు అనేవాళ్ళున్నారు, మరీ కుంగిపోతారు అనేవాళ్ళూ ఉన్నారు. నేను చేసేది ఒకటే. చేతిలో పెట్టను, చదవమని చెప్పను. కనబడే చోట అరలో పెట్టి వదిలేస్తాను. కావాలనుకున్న రోజు వాళ్ళే తీసుకుంటారు. తీసుకుంటే ఆ రాత్రి మాత్రం పక్క గదిలో ఉంటాను.

ది బుక్ థీఫ్: ఓపిక ఉన్నవాళ్ళకి

ఈ కథ చెప్పేది మృత్యువు. మనకి యముడంటే దున్నపోతు, పాశం, సినిమాల్లో అయితే కామెడీ. మార్కస్ జూసాక్ రాసిన మృత్యువు అలాంటిది కాదు. సెలవు దొరకని ఉద్యోగిలా అలసిపోయి ఉంటుంది, మనుషుల ముఖాలు చూడలేక ఆకాశంలో రంగుల మీద దృష్టి పెట్టుకుంటుంది. ఎవరు చనిపోతారో ముందే చెప్పేస్తుంది. తెలిసి కూడా, ఆ పేజీ వచ్చినప్పుడు ఏడుస్తాం.

1939 జనవరి, జర్మనీ. లీజెల్ అనే పిల్ల తమ్ముడిని పాతిపెట్టిన చోట మంచులో పడి ఉన్న పుస్తకాన్ని దొంగిలిస్తుంది. ఆ పిల్లకి చదవడం రాదు. ఆ పుస్తకం గోతులు తవ్వేవాళ్ళు నేర్చుకునే గైడు. పెంచుకున్న నాన్న హాన్స్ రాత్రిపూట పక్కన కూర్చుని అదే పుస్తకంతో అక్షరాలు నేర్పిస్తాడు.

నాకు మిగిలిన దృశ్యం ఇంకోటి. వాళ్ళ సెల్లార్‌లో మాక్స్ అనే యూదు యువకుడు దాక్కుని ఉంటాడు. కాగితం లేదు. హిట్లర్ రాసిన పుస్తకం పేజీలు చింపి, వాటికి తెల్ల సున్నం లాంటి రంగు పూసి, ఆరబెట్టి, వాటి మీద లీజెల్ కోసం బొమ్మల కథ రాస్తాడు. ఆ కథ నవలలో అలాగే, చేతిరాతతో, బొమ్మలతో ఉంటుంది. తెల్ల రంగు కింద పాత అక్షరాలు మసగ్గా కనబడుతూనే ఉంటాయి. ఈ పేజీల కోసమైనా పైరసీ కాపీ కొనకండి. రోడ్డు పక్క దొరికే చౌక జిరాక్స్ ప్రతుల్లో పాత అక్షరాలు, కొత్త అక్షరాలు కలిసి నల్లటి మరకలా వస్తాయి.

కష్టాలు చెప్పాలి కదా. కథ ముందుకీ వెనక్కీ తిరుగుతుంది, మధ్యలో జర్మన్ తిట్లు వస్తాయి, ఇంగ్లీష్ వాక్యాలు వింతగా విరుగుతాయి. రెండో ప్రపంచయుద్ధం పాఠం అయ్యాక ఇస్తే సగం బరువు తగ్గుతుంది. పదమూడేళ్ళకి ఇవ్వకండి, ఇచ్చి చూసినదాన్ని చెప్తున్నాను.

మరి ఎవరికి ఏది?

పుస్తకమంటేనే పారిపోయేవాళ్ళకి ‘హంగర్ గేమ్స్’, రెండో మాట లేదు. ఇంగ్లీష్ అంటే భయమున్నవాళ్ళకి ‘గివర్’. హాస్టల్‌కి వెళ్ళే మగపిల్లాడి బ్యాగులో పెట్టడానికి ‘అవుట్‌సైడర్స్’, సన్నగా ఉంటుంది, బరువుండదు. స్నేహితులందరూ ప్రేమకథల గురించే మాట్లాడుకుంటుంటే ‘ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ ఎలాగూ మీరు ఇవ్వకపోయినా చదువుతారు, కాబట్టి మీ డబ్బు ఇంకోదాని మీద పెట్టండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న తెలుగు పిల్లల సంగతి వేరు. అక్కడ ‘గివర్’, ‘అవుట్‌సైడర్స్’ చాలా బళ్ళలో క్లాసులోనే చదివిస్తారు. వాళ్ళకి కానుకగా అవి తీసుకెళ్తే హోంవర్క్ ఇచ్చినట్టుంటుంది. ‘మాన్‌స్టర్’ తీసుకెళ్ళండి, బేతాళ కథలు తెలుగులో చెప్పడానికి ఒక వంక దొరుకుతుంది.

‘గివర్’కీ ‘మాన్‌స్టర్’కీ మధ్య తేల్చుకోలేకపోతే, ఆ పిల్ల బాధపడినప్పుడు ఏం చేస్తుందో చూడండి. వాదించే పిల్లయితే ‘గివర్’. తలుపేసుకునే పిల్లయితే ‘మాన్‌స్టర్’.

మా మేనకోడలు వాదించే రకం. ‘గివర్’ కొనిపెట్టాను, మూడు రోజుల్లో అయిపోయింది. నాలుగో రోజు చివరి పేజీ గురించి గంటసేపు ఫోన్లో దెబ్బలాడింది. తర్వాత నాకు చెప్పకుండానే ఫిజిక్స్ గైడ్ కింది నుంచి ‘బుక్ థీఫ్’ బయటికి తీసి, బస్సు టికెట్ పారేసి, మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టిందట. వాళ్ళమ్మ చెప్పింది. అదయ్యాక ఫ్రెండ్‌కి ఇచ్చింది, ఆ ఫ్రెండ్ ఇంకో ఫ్రెండ్‌కి ఇచ్చింది. ఇప్పుడు ఆ పుస్తకం ఎవరింట్లో ఉందో ఎవరికీ తెలీదు. పేరుకి తగ్గట్టే.